ఆసుపత్రిలో మధుమేహము: మాత్రల విధినిషేధములు

(సున్నిపెంటయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి ఉదయము ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



నావంటి వృద్ధోపాధ్యాయుని వేదికపై నిలువబెట్టినచో విద్యను గూర్చియో, ధర్మమును గూర్చియో, మన పెద్దల చరిత్రమును గూర్చియో నాలుగు మాటలు చెప్పునని వినువారనుకొనుట సహజము. కార్యదర్శిగారు నాకు వ్రాసిన జాబులో "మీ యిష్టము వచ్చిన విషయము" అనియే యున్నది. నేను కోరుకొన్న విషయము వేరు. మధుమేహము గల మనుష్యుడు జ్వరముచేతనో, కాలిపుండుచేతనో, శస్త్రచికిత్సకొరకో ఆసుపత్రిలో చేరినపుడు, ఇన్సులిన్ సూదిమందు గాక, అతడింట వాడుకొనుచున్న మాత్రల సంగతి యేమి కావలెను? ఏది మానవలెను? ఏది యుంచవలెను? ఆ నిర్ణయమునందు ఇంటివారి పాలు ఎంత? ఈ మూడు ప్రశ్నలే నా ఉపన్యాసము.

నేను వైద్యుడను కాను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దరూపములును సంధులును చెప్పినవాడను. ఇందు నేను చెప్పబోవునది వైద్యుల నడిగి తెలిసికొన్నది, చదివి తెలిసికొన్నది, ఒక భాగము మాత్రము నా తప్పువలన తెలిసికొన్నది. ఆ తప్పును మొదట చెప్పుకొని పిదప శాస్త్రములోనికి పోయెదను. దీనిని విని ఎవరును తమ మందులను తాము మార్చుకొనరాదు. వైద్యునితో మాటాడుటకు కావలసిన తెలివి మాత్రమే ఇందుండి గ్రహింప వేడెదను.

మా అన్నగారికి మధుమేహము వచ్చి పదునాలుగేండ్లయినది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ అను రెండు మందులు వాడుకొనుచుండిరి. కొన్ని సంవత్సరముల క్రిందట మూత్రనాళమునందు చీముపట్టి, చలిజ్వరము వచ్చి, ఒక పట్టణములోని ఆసుపత్రిలో చేరిరి. తోడుగా నేనుంటిని. మంచమునకు వ్రేలాడగట్టిన మందుల పట్టీని ఉపాధ్యాయుని అలవాటుకొద్ది అక్షరమక్షరము చదివితిని. అందు జ్వరపు మందులున్నవి, సెలైనున్నది, ఆయన షుగరుమాత్రలు రెండును లేవు. మరచిపోయిరని తలంచితిని. వార్డులో రద్దీ యెక్కువ, నర్సులు ఊపిరి సలుపక తిరుగుచున్నారు. వారికి గుర్తు చేయుటయేల, మన సంచిలో ఉన్నవే కదా యని, రాత్రి ఎనిమిది గంటలకు గ్లిమిపిరైడ్ మాత్రను అన్నగారి నోట వేసి నీళ్లు త్రాగించితిని. ఆ దినమంతయు ఆయన పుచ్చుకొన్నది రెండు చెంచాల గంజి.

తెల్లవారుజామున మూడు గంటలకు దుప్పటి తడిసియుండుట చేతికి తగిలి లేచితిని. ఒడలెల్ల చెమట. అన్నగారు నన్ను చూచి, చనిపోయి నలుబదియేండ్లయిన మా తండ్రిగారి పేరు పెట్టి పిలిచి, బండి కట్టించితివా యని యడిగిరి. నర్సు పరుగున వచ్చి వ్రేలికొనను గ్రుచ్చి చూడగా రక్తములో చక్కెర 41 మిల్లీగ్రాములు. డెబ్బదికి తగ్గినచో ప్రమాదమని లెక్క. ఆమె గ్లూకోజు నెక్కించుచు నావైపు తిరిగి, "మాస్టారూ, మీరేమైన మాత్ర వేసితిరా?" అని యడిగినది.

మహాజనులారా! ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. తరగతిలో అబద్ధమాడిన పిల్లవానిని బల్లపై నిలువబెట్టినవాడను నేను. ఆ క్షణమున నాకు తోచిన మొదటి మాట "లేదమ్మా" యనునది. నోటిదాక వచ్చి నిలిచినది. అంతలో అన్నగారు మరల నాన్నగారిని పిలిచిరి. అప్పుడు చెప్పివేసితిని. డాక్టరమ్మగారు వచ్చి, నన్ను తిట్టలేదు. "మీరు చెప్పితిరి గావున బ్రతికితిమి. చెప్పకయున్నచో ఒక సీసా గ్లూకోజుతో సరిపోయినదని నిదురపోయి యుందుము. ఈ మాత్ర రేపు రాత్రిదాక పనిచేయును, ఇక గంటగంటకు చూడవలెను" అనినది. మరునాటి సాయంకాలముదాక గ్లూకోజు నిలుపలేదు.

ఉదయమున ఆమె నాకు విశదపరచినది. రోగి తినుట లేదు గనుక గ్లిమిపిరైడ్ మానిపించిరి. మూత్రపిండముల పని మందగించినదని రక్తపరీక్షలో తేలినందున మెట్‌ఫార్మిన్ మానిపించిరి. పట్టీలో ఆ రెండు పేర్లు లేకపోవుట మరపు కాదు, ఆలోచన. ఆ మాట విని నేను సిగ్గుపడితిని. ఏలయన, జీవితమంతయు పిల్లలకు నేను చెప్పిన పాఠమదియే. వ్యాకరణమున లోపమన్నది తప్పిపోవుట కాదు. సూత్రముచేత విధింపబడిన కార్యము. అక్షరము కనబడకపోయినను దాని వెనుక విధి యున్నది. మందును ఆపుటయు అట్లే చికిత్సలో ఒక విధి. పట్టీలో మాత్ర కనబడనపుడు "ఏల ఆపితిరి?" అని యడుగవలెనే గాని మనచేతితో పూరింపరాదు. ఈ యొక్కమాట మీ మనస్సున నిలిచినచో నా ఉపన్యాసము సఫలము. తక్కినదంతయు దీని వివరణమే.

మధుమేహము మనవారికి క్రొత్త వ్యాధి కాదు. చరకసుశ్రుతులు ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, కఫమువలన పది, పిత్తమువలన ఆరు, వాతమువలన నాలుగు అని లెక్కవేసిరి. మధుమేహము ఆ వాతజములలోనిది. మూత్రమునకు చీమలు మూగుట వారి కండ్లబడినది. అంతకంటె మెచ్చదగిన సంగతి, సుశ్రుతుడు ఈ రోగమును పుట్టుకతో వచ్చునదియనియు, అపథ్యమువలన వచ్చునదియనియు రెండు తెగలు చేసి, మొదటివాడు కృశించియుండుననియు రెండవవాడు స్థూలుడై యుండుననియు గుర్తించుట. నేటి వైద్యులు మొదటిరకము, రెండవరకము అని చేయు విభాగమునకు ఇది చాల దగ్గర. కృశునకు ఒక చికిత్స, స్థూలునకు వేరొక చికిత్స యని చరకుడు చెప్పెను. రోగము పేరొకటే యైనను రోగిని బట్టి మందు మారవలెనన్న న్యాయము అప్పటిది.

2023లో ప్రకటింపబడిన భారతీయ వైద్యపరిశోధనమండలివారి దేశవ్యాప్త సర్వేనుబట్టి మన దేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ గుమ్మమునొద్ద నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. ఈ పందిరిక్రింద కూర్చున్న కుటుంబములలో ఈ రోగము తొక్కని గడప అరుదు. గావున ఏ కారణముచేత ఆసుపత్రిలో చేరినను, మధుమేహము మనతో కూడ చేరుచున్నది.

ఆసుపత్రిలో చేరినపుడు చక్కెర ఏల అదుపు తప్పును? శరీరమునకు ఆపద వచ్చినపుడు కార్టిసాల్, ఎడ్రినలిన్ మొదలగు రసములు రక్తములోనికి పొంగును. అవి ఇన్సులిన్ పనికి అడ్డుపడి, కాలేయముచేత చక్కెరను మరింత చేయించును. ఆయాసమునకును ఇతర వ్యాధులకును ఇచ్చు స్టెరాయిడు మందులు దానికి తోడగును. మంచము పట్టినవాడు నడువడు గనుక ఖర్చయ్యెడి చక్కెరయు ఖర్చు కాదు. ఇది యొకవైపు. రెండవవైపు, రోగి తినడు, వాంతియగును, పరీక్షకొరకో శస్త్రచికిత్సకొరకో పస్తుండుమందురు, మూత్రపిండములు మందగించి నిన్నటి మందు నేడును ఒంటనే నిలిచిపోవును. అప్పుడు చక్కెర పడిపోవును. ఒకే దినమున ఈ రెండును జరుగవచ్చును. ఇంటిలో సాగిన లెక్క అక్కడ సాగకపోవుటకు కారణమిదియే.

ఇట్టి అస్థిరస్థితిలో వైద్యులు మొదట ఇన్సులినునే ఆశ్రయింతురు. 1921లో కెనడాదేశపు టొరాంటో నగరమున బాంటింగ్, బెస్టు అనువారు దానిని కనుగొనిరి. 1922 జనవరిలో మొదటిసారిగా ఒక బాలునకు ఇచ్చిరి. గంటగంటకు పెంచుటకును, తగ్గించుటకును, నిలుపుటకును వీలైన మందు గనుక ఆసుపత్రికి అది అనువైనది. మొదటిరకము మధుమేహము గలవారికి, రక్తమున కీటోనులు నిండి విషమించినవారికి, తీవ్రచికిత్సావిభాగమున నున్నవారికి, చక్కెర మిక్కిలి హెచ్చినవారికి దానికి మారులేదు. "ఒకమారు సూది పొడిచినచో జన్మాంతము విడువదు" అని మనవారిలో ఒక భయమున్నది. ఇది నిజము కాదు. రెండవరకమువారిలో అనేకులు ఆసుపత్రిలో నాలుగు దినములు ఇన్సులిన్ పుచ్చుకొని, జబ్బు తగ్గగానే మరల మాత్రలతో ఇంటికి పోవుచున్నారు. మా అన్నగారును అట్లే పోయిరి.

ఎంతమట్టునకు తగ్గించవలెననుటలోను ఒక పాఠమున్నది. చక్కెరను ఆరోగ్యవంతుని మట్టమునకు దింపినచో మేలగునని ఒకప్పుడు తలంచిరి. 2009లో వెలువడిన నైస్–షుగర్ అను గొప్ప పరిశోధనలో తీవ్రరోగులు ఆరువేలమందికి పైగా చేరిరి. 81 మొదలు 108 వరకు అదుపుచేసిన వర్గములో, 180కి లోబడియుంచిన వర్గములోకంటె చావులు హెచ్చినవి. మొదటివర్గమున నూటికి 27.5, రెండవవర్గమున 24.9. నాటినుండి ఆసుపత్రిలో పెక్కుమందికి 140 మొదలు 180 వరకు నుండుట చాలునని వైద్యులు నిర్ణయించిరి. గావున పరీక్షలో 165 అని వినబడినపుడు "ఇంకను మందు వేయరేమి?" అని మనము తొందరపెట్టరాదు.

ఇక మాత్రల సంగతి. ఒక్కొక్కదాని స్వభావము వేరు గనుక వరుసగా చెప్పెదను.

మొదటిది గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ మొదలగు సల్ఫొనైల్ యూరియాలు. 1942లో ఫ్రాన్సుదేశపు మాంపెలియే పట్టణమున విషజ్వరరోగులకు క్రొత్త సల్ఫామందు నొకదాని నిచ్చుచుండగా కొందరికి చక్కెర పడిపోయి ప్రాణాంతకమైనది. ఆ అపాయమునుండియే ఈ మందులు పుట్టినవి. ఇవి క్లోమమును కొరడాతో తోలినట్లు తోలి ఇన్సులిన్ స్రవింపజేయును. రోగి తినెనా లేదా యని అవి చూడవు. ఇంటిలో వేళకు భుజించువానికి ఉపకారి. ఆసుపత్రిలో పస్తున్నవానికి, వృద్ధునకు, మూత్రపిండములు చెడినవానికి శత్రువు. నేను చేసిన తప్పు ఈ మందుతోనే.

రెండవది మెట్‌ఫార్మిన్. ఐరోపాఖండమున గలీగా అను పశుగ్రాసపు మొక్కయందలి సారమును బట్టి పోయి 1922లో డబ్లిన్ నగరమున దీనిని రసాయనశాలలో చేసిరి. 1957లో పారిసు వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహులకు వాడి చూపెను. ఇది తనంతట చక్కెరను అపాయపు మట్టమునకు దించదు. చవుకది, మంచిది. కాని మూత్రపిండములు పనిచేయనపుడు, రక్తమున విషము వ్యాపించునట్టి జ్వరమందు, ప్రాణవాయువు తగ్గినపుడు, లాక్టిక్ ఆమ్లము పేరుకొని ప్రాణము మీదికి వచ్చునను భయముచే ఆపుదురు. మూత్రపిండబలము తక్కువగా నున్నవారికి స్కానింగుకొరకు నరములోనికి రంగుమందు ఎక్కించునపుడును ఆపి, రెండు దినముల పిమ్మట రక్తపరీక్ష చేసి తిరిగి మొదలుపెట్టుదురు.

మూడవది డాపాగ్లిఫ్లొజిన్, ఎంపాగ్లిఫ్లొజిన్ మొదలగునవి. 1835లో ఆపిలుచెట్టు బెరడునుండి తీసిన యొక పదార్థము వీనికి మూలము. ఇవి చక్కెరను మూత్రముతో బయటికి పంపును. నీరు తగ్గిన దేహమునకు, పస్తున్న దేహమునకు ఇవి కీడు. చక్కెర సరిగానే కనబడుచుండగా లోపల కీటోనులు పెరిగి విషమించుట వీనిలోని మోసము. గావున శస్త్రచికిత్సకు కనీసము మూడు దినములు ముందుగా ఆపవలెను. ఎర్టుగ్లిఫ్లొజిన్ అయినచో నాలుగు దినములు. అయినను ఇవి గుండెకు మేలుచేయును. గుండె నీరసించి ఆసుపత్రిలో చేరిన 530 మందికి, స్థిమితపడిన పిదప, అచ్చటనే సగముమందికి ఎంపాగ్లిఫ్లొజిన్ మొదలుపెట్టి చూచిన పరిశోధన 2022లో వెలువడినది. మందు పుచ్చుకొన్నవారికే మేలు కనబడినది. ఒకే మాత్ర ఒక మంచముమీద నిషిద్ధము, ప్రక్క మంచముమీద విహితము. ప్రక్కవానికి ఇచ్చుచున్నారు మాకేల ఇయ్యరని కలహించుట యెంత తెలివితక్కువయో దీనివలన తెలియగలదు.

పయోగ్లిటజోన్ దేహమున నీరు నిలుపును గనుక గుండెజబ్బు వారికి తగదు. అదిగాక దాని ఫలము కనబడుటకు వారములు పట్టును. వోగ్లిబోస్, అకార్బోస్ అనునవి అన్నములోని పిండిపదార్థము జీర్ణమగుటను ఆలస్యము చేయును. తినని వానికి వానితో పనిలేదు. అవి వాడువారికి చక్కెర పడినపుడు పంచదార నోట వేసినను త్వరగా పట్టదు, గ్లూకోజుపొడియే ఈయవలెను. ఇక సూదితో ఇచ్చునవియే యైనను ఇన్సులిన్ కానివి లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ మొదలగునవి. అమెరికా యెడారిలోని హీలా యను విషపుబల్లి లాలాజలమును పరీక్షించుటవలన ఈ తెగలోని మొదటి మందు పుట్టి 2005లో వాడుకకు వచ్చినది. ఇవి కడుపును మందముగా నడిపించును, వికారము కలిగించును. మత్తుమందిచ్చు వైద్యునకు వీనిని గూర్చి ముందుగా చెప్పితీరవలెను.

చివరిది సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ అను గ్లిప్టిన్ల వర్గము. ఇందులో మొదటిదైన సిటాగ్లిప్టిన్ 2006లో అమెరికాలో అనుమతి పొందినది. ఇవి చక్కెర పెరిగినపుడే క్లోమమును ప్రేరేపించును, తగ్గినపుడు ఊరకుండును. కావున ఒంటరిగా వాడినపుడు చక్కెర పడిపోవుట అరుదు. ఆసుపత్రిలో ఇన్సులిన్ కాని మందులలో ఎక్కువగా పరీక్షింపబడినవి ఇవియే. అమెరికాలో 277 మంది ఆసుపత్రిరోగులపై జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధనలో, దినమున కొకమారు ఇన్సులినుతో సిటాగ్లిప్టిన్ ఇచ్చిన వర్గమునకును, భోజనభోజనమునకు ఇన్సులిన్ పొడిచిన వర్గమునకును చక్కెర యదుపు దాదాపు సమానముగా నున్నది. పోట్లు మాత్రము తగ్గినవి. 2022లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీవారు, చక్కెర స్వల్పముగా మాత్రమే హెచ్చిన రెండవరకము రోగులలో ఏరిన కొందరికి గ్లిప్టిన్‌తో పాటు, కావలసినపుడు కొంచెము ఇన్సులిన్ చేర్చి నడుపవచ్చునని సూచించిరి. వీనికిని హద్దులున్నవి. క్లోమము వాచినవారికి ఈయరు. ఈ వర్గములోని సాక్సాగ్లిప్టిన్, అలోగ్లిప్టిన్ అనువానిని గుండెనీరసము గలవారికి తప్పింతురు. సిటాగ్లిప్టిన్ మోతాదు మూత్రపిండములను బట్టి తగ్గింపవలెను. లినాగ్లిప్టిన్‌కు ఆ బాధలేదు.

వ్యాకరణమున ఉత్సర్గమనియు అపవాదమనియు రెండున్నవి. సామాన్యముగా చెల్లు నియమము ఉత్సర్గము. దానిని కొన్ని తావులలో ప్రక్కకు నెట్టునది అపవాదము. ఆసుపత్రిలో ఇన్సులిన్ ఉత్సర్గము. తినగలిగి, స్థిమితముగానుండి, చక్కెర కొంచెమే హెచ్చిన రోగియందు మాత్ర అపవాదము. అపవాదమునకు చోటు గలదు గాని, ఆ చోటును నిర్ణయించువాడు వైద్యుడు.

మా అన్నగారి విషయమున ఆ అపవాదమే వర్తించినది. జ్వరము దిగి ఆయన ఇడ్లీ తిన మొదలుపెట్టిన పిమ్మట చక్కెర 190 దాపున నిలిచినది. డాక్టరమ్మగారు లినాగ్లిప్టిన్ ఒకమాత్రయు, అవసరమైన పూట కొద్దిపాటి ఇన్సులినును ఇచ్చిరి. నాలుగవనాడు ఇన్సులిన్ పనియు తీరినది. ఇంటికి పంపునపుడు గ్లిమిపిరైడ్ శాశ్వతముగా మానిపించి, మూత్రపిండములు కోలుకొన్నట్లు పరీక్షలో తేలిన పిదప మెట్‌ఫార్మిన్ సగము మోతాదుతో తిరిగి మొదలుపెట్టించిరి. ఆయన నేడు ఈ సభలో మొదటివరుసయందే కూర్చుండి, నా తప్పును నేను సభాముఖమున చెప్పుచుండగా నవ్వుచున్నారు.

ఈ మందుల కథలో తెలుగువారి పాలును కలదు. కల్లం అంజిరెడ్డిగారు 1984లో హైదరాబాదున స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థవారు బాలాగ్లిటజోన్ అను క్రొత్త మధుమేహౌషధమును కనుగొని 1997లో డెన్మార్కుదేశపు నోవో నార్డిస్కు సంస్థకు అప్పగించిరి. తరువాత రాగాగ్లిటజార్ అను రెండవదానిని ఇచ్చిరి. దానిని పరీక్షించుచుండగా ఎలుకలకు మూత్రాశయమున కంతులు కనబడినందున 2002లో పరిశోధన ఆపివేసిరి. రెండును అంగడికి రాలేదు. అపాయము తెలిసినపుడు ఏండ్ల శ్రమనైనను ఆపుకొనుట శాస్త్రధర్మము. అంతటి సంస్థలు ఆపుకొనగా, సంచిలోని మాత్రను ఒకరాత్రి ఆపుకొనలేకపోయితి నేను.

ఇక మన ప్రాంతపు సంగతి. సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టు పనివారికొరకు అడవిలో వెలసిన ఊరు. 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లాలో చేరినది. ఇచ్చటినుండి దోర్నాల దాక అడవియే. పులుల సంరక్షణకొరకు రాత్రివేళ ఆ దారిలో వాహనములకు కట్టుబాటున్నది. పెద్దజబ్బయినచో రోగిని కర్నూలునకో, నంద్యాలకో తరలింపవలెను. నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో మొదలైనది. కర్నూలు వైద్యకళాశాల 1957నాటిది. ఒక ఆసుపత్రినుండి మరియొకదానికి పోవు రోగితోపాటు కాగితములు పోవు, మాట పోదు. ఇచ్చట ఉదయము వేసిన మాత్ర అచ్చట సాయంకాలము ఎవరికిని తెలియదు. ఆ సంగతి మోసికొనిపోవలసినవాడు ప్రక్కనున్న బంధువు.

శివరాత్రికి వెంకటాపురము, నాగలూటి, పెచ్చెర్వు దారిని వేలమంది కాలినడకను శ్రీగిరికి వత్తురు. వారిలో అరువదేండ్లు దాటినవారెందరో. నడక యెక్కువ, ఆహారము తక్కువ, పైగా ఉపవాసము, అయినను ఉదయపు మాత్ర మానరు. ఆసుపత్రిలో పస్తున్నవానికి జరుగు కీడు వీరికి అడవినడుమ జరుగును. వ్రతము పట్టదలచినవారు పదిదినములు ముందుగా వైద్యుని కలిసి, ఏ మాత్ర ఆపవలెనో యెంత తగ్గింపవలెనో అడిగి కదలవలెను. శివుడు ఉపవాసము కోరునేమో గాని, ఉపవాసముమీద గ్లిమిపిరైడ్ కోరడు.

ఇంటివారు చేయవలసిన పనులను క్లుప్తముగా చెప్పి ముగించెదను.

ప్రథమము: ఇంటిలోని ప్రతి మధుమేహి మందుల పేర్లును, మోతాదును, వేళలును తెలుగులో వ్రాసి చొక్కాజేబులో నుంచుకొనవలెను. ఈ కాలపు మాత్రలలో రెండుమూడు మందులు కలిసియుండును. అంగడిపేరు ఒక్కటే, లోపల గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడును ఉండవచ్చును. సమాసమునకు విగ్రహవాక్యము చెప్పనిదే అర్థము తెలియనట్లు, ఆ మాత్రను విడదీసి వ్రాయనిదే వైద్యునకు తెలియదు. వ్రాయుట రానివారు మాత్రల అట్టనే తీసికొనిపోవలెను.

ద్వితీయము: ఆసుపత్రిలో చేరిన క్షణముననే ఇంటిమాత్రలను నర్సుకు అప్పగింపవలెను. దిండుక్రింద దాచరాదు.

తృతీయము: రోగి తినని పూట, సగము తిన్న పూట, వాంతియైన పూట ఆ సంగతిని అడుగకముందే చెప్పవలెను. ఇంటినుండి తెచ్చిన ఫలహారములనుగూర్చియు, ఆకుపసరులను గూర్చియు దాచరాదు.

చతుర్థము: చెమట, వణకు, తడబాటు, అసంబద్ధపు మాటలు కనబడినచో వెంటనే పరీక్ష కోరవలెను. ఇంట నున్నపుడైనచో, తెలివి యున్నవానికి పదునైదు గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగింపవలెను. తెలివి లేనివాని నోట ఏమియు పోయరాదు; 108కి పిలువవలెను.

పంచమము: ఇంటికి పంపు దినమున మూడు ప్రశ్నలు అడుగనిదే గడప దాటరాదు. ఏ మందు ఆపితిరి? ఏల ఆపితిరి? తిరిగి యెప్పుడు మొదలుపెట్టవలెను?

షష్ఠము: తప్పు చేసినచో చెప్పవలెను. నేను నోరు మెదపక నిలిచిన ఆ రెండు నిమిషములు నా జీవితములో మిక్కిలి నీచమైనవి. చెప్పిన తరువాతి నిమిషమే మా అన్నగారిని నాకు మిగిల్చినది.

సంఘమువారికి ఒక విన్నపము. మనము ఏటేట వెండిపళ్లెములును శాలువలును ఇచ్చి పుచ్చుకొనుచున్నాము. ఈ యేడు ఆ ద్రవ్యములో కొంత తీసి, ఇప్పుడు చెప్పిన పట్టీని అట్టమీద అచ్చువేయించి ఇంటింటికి పంచుడు. యాత్రికులు దిగు మన వసతిలో చక్కెర పరీక్షించు యంత్రమొకటియు, గ్లూకోజుపొట్లములును ఉంచుడు. మధ్యాహ్నపు సమావేశములో దీనిని తీర్మానముగా ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి అనుజ్ఞ వేడుచున్నాను.

చివరగా, నిన్నటి విందులో మూడు తీపివంటకములు వడ్డింపబడినవని నేను గమనించితిని. ఉపాధ్యాయుని కన్ను గదా! నేడు ఒకటి చాలును.

 శ్రీ భ్రమరాంబామల్లికార్జునులు మనకందరకు ఆయురారోగ్యముల నొసగుదురు గాక.

శుభం భూయాత్.